గోడలకు బీమా సరే, గిన్నెల సంగతి?

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీల జనం నిద్ర లేచేసరికే వాకిట్లో నీళ్లు. నీటిమట్టం 24 అడుగులకు చేరితే రెండో ప్రమాద హెచ్చరిక ఇచ్చే ఏరు, ఆ రోజు 36 అడుగుల దాకా ఎగదన్నింది. ప్రకాశ్‌నగర్, బొక్కలగడ్డ, మోతీనగర్, వెంకటేశ్వరనగర్, అవతలి ఒడ్డున కరుణగిరి, జలగంనగర్, రాజీవ్ గృహకల్ప ఒకదాని వెంట ఒకటి మునిగాయి. ప్రకాశ్‌నగర్ వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని ఒక జేసీబీ డ్రైవర్ ప్రాణాలకు తెగించి ఒడ్డుకు చేర్చిన ఘటన దేశమంతా చూసింది. ప్రాణాలు దక్కించుకుని డాబాలెక్కిన వేల కుటుంబాలు మాత్రం, నీళ్లు లాగేశాక కిందికి దిగి వచ్చి చూసుకున్నది బురద.

ఆ బురదలో ఏముంది? పక్కకు ఒరిగిన ఫ్రిజ్, ఉబ్బి పగిలిన ప్లైవుడ్ అల్మారా, ఇద్దరు మనుషులు కూడా లేపలేని తడిసిన పరుపులు, అడుగు నుంచి నానిన బియ్యం బస్తా, పిల్లల సర్టిఫికెట్లు. ఇల్లు నిలబడే ఉంది. ఇంట్లో ఉన్నదే పోయింది.

తెలంగాణ ప్రభుత్వం మొదట ఇంటికి 10,000 రూపాయలు అంది, తర్వాత దాన్ని 16,500కు పెంచి బ్యాంకు ఖాతాల్లో వేసింది. అదే వారం బుడమేరు ముంచిన విజయవాడలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకు 25,000, పై అంతస్తుల వాళ్లకు 10,000 ప్రకటించింది. ఇవి రాష్ట్రాలు తమ చొరవతో పెంచి ఇచ్చిన మొత్తాలు. 2022 నుంచి 2026 వరకు వర్తించేలా కేంద్రం ఖరారు చేసిన విపత్తు సహాయ నిబంధనలు తిరగేస్తే గుండె జారుతుంది. ఇల్లు కొట్టుకుపోయినా, తీవ్రంగా దెబ్బతిన్నా, రెండు రోజులకు మించి నీళ్లలో ఉన్నా బట్టల కోసం కుటుంబానికి 2,500, వంటపాత్రలు, ఇంటి సామాను కోసం మరో 2,500. మొత్తం 5,000. ప్రభుత్వ సాయం ఆకలి తీర్చడానికి, నాలుగు రోజులు నిలదొక్కుకోవడానికి. ఇంటిని మళ్లీ నింపుకోవడానికి ఉద్దేశించింది కాదు. ఆ పని చేయాల్సింది బీమా.

మన దగ్గర బీమా అనగానే గుర్తొచ్చేవి ఎల్‌ఐసీ, ఆరోగ్య కార్డు, బండి ఇన్సూరెన్స్. విజయవాడలో వరద తర్వాత కంపెనీల దగ్గర ఎక్కువగా వినిపించినవి కూడా వాహనాల క్లెయిమ్‌లే. ఎందుకంటే బండికి బీమా చట్టం ప్రకారం తప్పనిసరి, ఇంటి సామానుకు కాదు. ఇంటికి పాలసీ ఉన్న కొద్దిమందికి కూడా ఎక్కువగా అది గృహరుణంతో పాటు వచ్చింది. రుణం ఇచ్చేటప్పుడు బ్యాంకు సంతకాలు పెట్టించుకున్న కాగితాల దొంతరలో అదొకటి. అప్పుకు తాకట్టు పెట్టిన గోడలు, కప్పు భద్రంగా ఉండాలన్నది బ్యాంకు ఆలోచన. భవనానికి క్లెయిమ్ డబ్బు వచ్చినా పాలసీలోని బ్యాంకు క్లాజ్ ప్రకారం ముందు బ్యాంకుకే వెళ్తుంది. లోపలి సామాను గురించి ఆ రోజు బ్యాంకు అడగదు, అప్పు తీసుకున్నవాళ్లకు అడగాలని తోచదు.

పాలసీ అసలు లేకపోవడం ఒక బాధ. పాలసీ ఉందన్న ధీమాతో ఉండి, వరద వచ్చాక అది సగానికే ఉందని తెలియడం అంతకు మించిన బాధ. బీమా రంగంలో దీన్ని తక్కువ బీమా అంటారు. అంటే ఇంట్లో ఉన్న సామాను విలువ ఒకటి, పాలసీలో రాసిన మొత్తం అంతకంటే తక్కువ. ఇందులో జనానికి బొత్తిగా తెలియని మెలిక ఒకటుంది. దాని పేరు యావరేజ్ క్లాజ్.

లెక్క ఇలా ఉంటుంది. ఒక ఇంట్లో 8 లక్షల సామాను ఉందనుకుందాం. ప్రీమియం తగ్గుతుందని 4 లక్షలకే పాలసీ తీసుకున్నారు. వరదలో 3 లక్షల సామాను పాడైంది. పాలసీ 4 లక్షలకు ఉంది కాబట్టి 3 లక్షలూ వస్తాయని ఎవరైనా అనుకుంటారు. యావరేజ్ క్లాజ్ ఉన్న పాలసీలో అలా రావు. సామానులో సగానికే ప్రీమియం కట్టారు కాబట్టి మిగతా సగానికి మీరే పూచీ, అందువల్ల నష్టంలోనూ సగం మీదే అంటుంది కంపెనీ. చేతికొచ్చేది లక్షన్నర. పాత అగ్నిప్రమాద పాలసీలు దశాబ్దాలుగా ఈ సూత్రం మీదే నడిచాయి. బీమా గణితం ప్రకారం ఇందులో తప్పు లేకపోవచ్చు. కానీ పాలసీ అమ్మేటప్పుడు ఈ ఒక్క లెక్క కాగితం మీద వేసి చూపించకపోవడం మాత్రం ముమ్మాటికీ తప్పు.

ఈ విషయంలో సామాన్యుడికి పెద్ద ఊరట 2021 ఏప్రిల్ 1న వచ్చింది. హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆ రోజు నుంచి ఇళ్ల కోసం ‘భారత్ గృహ రక్ష’ అనే ప్రామాణిక పాలసీని తెచ్చింది. ఏ కంపెనీ అమ్మినా షరతులు ఒకటే. అగ్నిప్రమాదం, పిడుగు, తుపాను, వరద, భూకంపం, కొండచరియలు, అల్లర్లు, నీళ్ల ట్యాంకు పగలడం దాకా ఇందులో కలిసే ఉంటాయి. అడవి మంటలకూ వర్తిస్తుంది. వేసవికి ముందు ఇప్పపూల కోసం చెట్ల కింద ఆకులు కాల్చడం, గాలికి ఆ నిప్పు పాకడం మామూలైపోయిన చర్ల, దుమ్ముగూడెం అడవి అంచు పల్లెలకు ఇది చిన్న మాట కాదు. అన్నిటికంటే ముఖ్యం, ఈ పాలసీలో యావరేజ్ క్లాజ్‌ను పూర్తిగా ఎత్తేశారు. పైన చెప్పిన ఇంటివాళ్లు ఈ పాలసీ తీసుకుని ఉంటే 3 లక్షల నష్టానికి 3 లక్షలూ వస్తాయి. పాత సామానుకు తరుగుదల కోసే పద్ధతి కూడా ఇందులో లేదు. బాగుచేయించే ఖర్చు గానీ, అలాంటి వస్తువే మళ్లీ కొనే ఖర్చు గానీ ఇవ్వాలి.

అయితే సమస్య తీరిపోయిందా? లేదు. కోత పోయింది గానీ గీత అలాగే ఉంది. పాలసీలో రాసిన మొత్తాన్ని దాటి ఒక్క రూపాయి కూడా రాదు. అదే ఇంట్లో నష్టం 6 లక్షలైతే వచ్చేది 4 లక్షలే.

ఆ గీత ఎక్కడ పడుతుందో చూడాలి. భవనానికి భారత్ గృహ రక్ష తీసుకుంటే సాధారణ సామానుకు దానంతటదే రక్షణ దొరుకుతుంది. అది భవనం బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. అంతకు మించి కావాలంటే విడిగా చెప్పి రాయించుకోవాలి. భవనం విలువ కట్టేది స్థలం ధరతో కాదు, కార్పెట్ ఏరియాను ఆ ప్రాంతంలో నిర్మాణ ఖర్చుతో గుణించి. 600 చదరపు అడుగుల ఇల్లు, అడుగుకు 1,800 రూపాయలు అనుకుంటే 10 లక్షల 80 వేలు. అందులో 20 శాతం అంటే 2 లక్షల 16 వేలు. ఏరియా తక్కువ చేసి రాసినా, నిర్మాణ ఖర్చు తగ్గించి చూపినా సామాను రక్షణ కూడా దాంతోపాటే కుంగిపోతుంది. గోడల దగ్గర చేసిన పొదుపు వంటింట్లో తేలుతుంది.

2 లక్షల 16 వేలు చాలదా అనిపించవచ్చు. మీ ఇంట్లో సామాను ఎంత ఉంటుందని ఎవరినైనా అడిగితే, “ఆ, ఏముందండీ, లక్ష, లక్షన్నర ఉంటదేమో” అనే మాటే ముందు వస్తుంది. ఆ మాట ఎంత పొరపాటో తెలియాలంటే గది గదీ తిరిగి లెక్క రాయాలి. రెండు పడక గదుల మామూలు ఇల్లు, భార్యాభర్తలు, చదువుకునే ఇద్దరు పిల్లలు అనుకుందాం. ఇవాళ మళ్లీ కొనాలంటే ఫ్రిజ్ 25,000, వాషింగ్ మెషిన్ 18,000, టీవీ 30,000, ఇన్వర్టర్, బ్యాటరీ కలిపి 25,000, కూలర్ 9,000, మంచాలు, పరుపులు 40,000, ఇనుప బీరువా 15,000, ఇంజినీరింగ్ చదివే పిల్ల ల్యాప్‌టాప్ 45,000. అప్పుడే 2 లక్షలు దాటింది, పాలసీ గీత అంచుకు వచ్చేశాం. ఇంకా వంటింట్లోకి అడుగే పెట్టలేదు.

వంటింట్లో గ్యాస్ పొయ్యి, మిక్సీ, గ్రైండర్, అటక మీద పెళ్లినాటి ఇత్తడి బిందెలు, పండక్కి దింపే పెద్ద గిన్నెలు, రోజూ వాడే స్టీలు సామాను. ఒక్కోటి చూస్తే చిన్నవే, కలిపితే 70, 80 వేల మాట. ఇక బట్టలు. ఒక్క పట్టుచీర ధర తెలిసినవాళ్లు బీరువాలో ఉన్న చీరలన్నీ కలిపి ఎంతో ఎప్పుడూ లెక్కేసి ఉండరు. పదేళ్లలో శుభకార్యాలకు పెట్టినవి, కొన్నవి, నలుగురి రోజువారీ బట్టలు, రగ్గులు, దుప్పట్లు కలిపితే లక్షకు తగ్గదు. కుట్టుమిషన్, సీలింగ్ ఫ్యాన్లు, పిల్లల సైకిల్, పుస్తకాలు, నెల సరుకులు కలిపితే మొత్తం 4 లక్షలు దాటుతుంది. ఇవి సుమారు ధరలే, ఇంటింటికీ మారతాయి. కానీ ఎవరు లెక్కేసినా ముందు నోటితో చెప్పిన అంకెకు, కాగితం మీద తేలిన అంకెకు మధ్య ఎంతో తేడా కనిపిస్తుంది. ఒకేసారి కొన్నవి కావు కాబట్టి, ఒకేసారి పోయేదాకా వాటి విలువ ఎవరికీ పట్టదు.

బంగారం సంగతి వేరు. నగలు, వెండి సాధారణ సామాను కిందికి రావు. వాటికి ‘విలువైన వస్తువులు’ అనే అదనపు రక్షణ ముందుగా విలువ రాయించి తీసుకోవాలి. మొత్తం 5 లక్షల లోపు, ఒక్కో వస్తువు లక్ష లోపు ఉంటే విలువ సర్టిఫికెట్ కూడా అడగరు. నగదుకు, పత్రాలకు, వాహనాలకు ఈ పాలసీ వర్తించదు. పత్తి అమ్మిన డబ్బు, మిర్చి అమ్మిన డబ్బు బీరువాలో పెట్టుకునే ఇళ్లు ఖమ్మం జిల్లాలో చాలానే ఉన్నాయి. ఆ కట్టలు తడిసి ముద్దయితే పాలసీ ఆదుకోదు. మామూలు రోజుల్లో దొంగలు పడినా ఇందులో పైసా రాదు. వరద, అగ్నిప్రమాదం లాంటివి జరిగిన 7 రోజుల లోపు, ఆ కారణంగా జరిగిన దొంగతనానికే రక్షణ. ఇల్లు విడిచి పునరావాస కేంద్రంలో తలదాచుకున్నవాళ్లకు ఆ షరతు పనికొస్తుంది.

ఖమ్మం నుంచి భద్రాచలం వెళ్తే వరద స్వభావమే మారిపోతుంది. మున్నేరు గంటల్లో మీద పడుతుంది. గోదావరి చెప్పి వస్తుంది. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. జూలై వచ్చిందంటే ఊరందరి నోట్లో అంకెలే నానుతుంటాయి. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 1990లో 70.8, 2022 జూలై 16న 71.3. కరకట్ట ఉన్నా సుభాష్‌నగర్, అయ్యప్ప కాలనీ లాంటి చోట్ల ఇళ్లు ఖాళీ చేయక తప్పలేదు. టైం ఉంటుంది కాబట్టి టీవీ, గ్యాస్ బండ, కాగితాల సంచి ముందే వెళ్లిపోతాయి. మంచాలు, బీరువాలు, ఫ్రిజ్‌లు మోసుకెళ్లేంత ట్రాక్టర్లు ఆ రెండు రోజుల్లో అందరికీ దొరకవు.

రాష్ట్ర విభజన తర్వాత ఇక్కడ సరిహద్దు వీధి చివరే ఉంది. 2014లో పోలవరం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండిపోయింది, ఆనుకునే ఉన్న ఎటపాక అవతలి రాష్ట్రమైంది. 2022లో ముంచిన గోదావరి ఒక్కటే. సాయం మాత్రం ఇటు కుటుంబానికి 10,000, అటు 2,000. తమను తెలంగాణలో కలపమని ఎటపాక, పురుషోత్తపట్నం, గుండాల, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు గ్రామాల నుంచి అప్పట్లో గొంతు లేచింది. ప్రభుత్వాల దయ మీద ఆధారపడిన సాయం సరిహద్దు గీతకు అటూ ఇటూ ఎలా మారిపోతుందో ఆ ఐదు గ్రామాలకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. బీమా షరతులకు ఆ గీత లేదు. సొంత ఇల్లే ఉండాలన్న నియమమూ లేదు, అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు కూడా సొంత సామానుకు మాత్రమే పాలసీ తీసుకోవచ్చు. మన దగ్గర ఇది తెలిసిన అద్దెదారులు అరుదు. ఇల్లు మనది కాదు, మనకెందుకు ఇన్సూరెన్స్ అనుకుంటారు. అద్దెదారు విషయంలో 20 శాతం లెక్క ఉండదు, సామాను విలువ తామే చెప్పాలి. కాబట్టి లెక్క మరింత జాగ్రత్తగా వేసుకోవాలి. గోడలు, కప్పు వెదురు, గడ్డి, టార్పాలిన్ లాంటి వాటితో కట్టినవైతే పాలసీ దృష్టిలో అది కచ్చా నిర్మాణం. ఆ సంగతి ఫారం నింపేటప్పుడే దాచకుండా చెప్పాలి. దాస్తే క్లెయిమ్ దగ్గర అదే అడ్డం వస్తుంది.

భద్రాచలం లాంటి ఊళ్లో చాలా ఇళ్ల ముందు గది ఇల్లు కాదు. అది కిరాణా కొట్టు, పూజా సామాను దుకాణం, టిఫిన్ సెంటర్, టైలర్ షాపు. అందులోని సరుకు ఇంటి సామాను కింద రాదు, ఇంటి పాలసీ నివాసానికే. దుకాణానికి ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అని వేరే పాలసీ ఉంది. అందులో యావరేజ్ క్లాజ్ ఇంకా బతికే ఉంది. బీమా మొత్తం అసలు విలువ కంటే 15 శాతం లోపు తక్కువుంటే పట్టించుకోరు, అది దాటితే కోత పడుతుంది. 5 లక్షల సరుకున్న కొట్టుకు 3 లక్షల పాలసీ ఉండి 2 లక్షల సరుకు పాడైతే చేతికొచ్చేది లక్షా 20 వేలు. ఇంటికి చేసిన మేలు ఇంటి ముందరి చిన్న కొట్టుకు పూర్తిగా ఎందుకు చేయలేదో ఐఆర్‌డీఏఐ ఆలోచించాలి. ఎందుకంటే ఆ కుటుంబానికి రెండూ ఒక్క తలుపు లోపలివే.

బీమా మొత్తం సరిపోకపోవడం సంపన్న దేశాల్లోనూ ఉంది. 2021 డిసెంబర్ 30న అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో మార్షల్ ఫైర్ అనే కార్చిచ్చు ఒక్క రోజులో వెయ్యికి పైగా ఇళ్లను బూడిద చేసింది. ఎంత ఖర్చయినా ఇల్లు తిరిగి కట్టించే పూర్తి హామీ ఉన్న పాలసీలు అందులో 8 శాతమే అని ఆ రాష్ట్ర బీమా విభాగం తేల్చింది. ఆ తర్వాత అక్కడ తెచ్చిన చట్టం ఒకటి మనం గమనించాలి. ప్రకటిత కార్చిచ్చులో ఇల్లు పూర్తిగా పోతే, వస్తువుల జాబితా అడగకుండానే సామాను బీమా మొత్తంలో 65 శాతం ముందుగా ఇవ్వజూపాలి. సర్వం పోగొట్టుకున్న మనిషిని కూర్చోబెట్టి చెంచాలు లెక్కపెట్టించడం అమానుషమని అక్కడి చట్టసభ గుర్తించింది. మన దగ్గర ఇంకా ఆ ఏర్పాటు లేదు.

అందుకే ఇక్కడ జాబితా ఇంటివాళ్ల చేతిలోనే ఉండాలి. ఏడాదికోసారి, పాలసీ రెన్యువల్‌కు ముందు, ఫోన్‌తో గది గదీ వీడియో తీసి ఊరికి దూరంగా ఉన్న బంధువుకు పంపేస్తే చాలు. బీరువా తలుపులు తీసి, అటక మీదా తిప్పి చూపించాలి. ఫ్రిజ్, టీవీ బిల్లుల ఫొటోలు కూడా దాంతోపాటే పంపాలి. పాలసీ నంబరు ఫోన్‌లో ఉండాలి, ఎందుకంటే కాగితం బీరువాలోనే తడుస్తుంది.

వరద వచ్చాక అసలు చిక్కు బురదే. ఇల్లు కడగకపోతే రోగాలు, కడిగేస్తే ఆనవాళ్లు పోతాయి. మున్సిపాలిటీ ట్రాక్టరు వీధిలోకి వచ్చినప్పుడు పరుపులు, సోఫాలు ఎక్కించేయాలనే ఎవరికైనా అనిపిస్తుంది. కంపెనీకి సమాచారం ఇవ్వకముందే అవి వెళ్లిపోతే పోయినవాటిని రుజువు చేయడం కష్టం. ముందు ఫోన్‌లోనైనా సమాచారం ఇచ్చి క్లెయిమ్ నంబరు తీసుకోవాలి. గోడ మీద నీటి గీత కనిపించేలా, ప్రతి వస్తువూ విడివిడిగా కనిపించేలా ఫొటోలు తీయాలి. ఫ్రిజ్, వాషింగ్ మెషిన్ లాంటి వాటి వెనక ఉండే మోడల్ నంబరు స్టిక్కర్ తుడిచి ఫొటో తీస్తే ధర దగ్గర వాదన ఉండదు. కుళ్లిపోయేవి తప్ప మిగతావి నష్టం అంచనా వేసే సర్వేయర్ వచ్చేదాకా ఒక మూల ఉంచగలిగితే మంచిది.

2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీ 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి, సర్వేయర్ 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి, అది అందిన 7 రోజుల్లో కంపెనీ తేల్చి చెప్పాలి. సర్వేయర్ తక్కువ రాశాడని అనిపిస్తే తలవంచుకోనవసరం లేదు. సర్వేయర్ నివేదికే తుదిమాట కాదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది. ఏ వస్తువుకు ఎంత వేశారో, ఎందుకు కోశారో రాతపూర్వకంగా అడగాలి. యావరేజ్ పేరు మీద కోత పడితే పాలసీ పేరు చూసుకోవాలి. అది భారత్ గృహ రక్ష అయితే ఆ కోత చెల్లదు. వేరే పేర్లతో అమ్మే ప్యాకేజీ పాలసీ అయితే ఏ విభాగంలో ఆ క్లాజ్ ఉందో చూపించమని అడగాలి.

కంపెనీకి రాసిన ఫిర్యాదుకు నెల లోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ దగ్గరకు వెళ్లవచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. 50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం ఆ కార్యాలయానికి ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ దాని పరిధిలోవే కాబట్టి భద్రాచలం వాళ్లైనా, ఎటపాక వాళ్లైనా వెళ్లాల్సింది అక్కడికే. ఏడాది లోపు వెళ్లాలి, పాలసీ కాపీ, సర్వేయర్ నివేదిక, కంపెనీతో నడిపిన ఉత్తరాలు వెంట ఉండాలి. అంతకంటే ముందు 155255 నంబరుకు ఫోన్ చేసి ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించుకోవచ్చు.